నమూనా కుటుంబానికి నాలుగు కుర్చీలు

హైమావతి ఇరవై రెండేళ్ళుగా సాగర సంబరాల ముగింపు కార్యక్రమాన్ని వంటింటి కిటికీలోంచి వింటూనే ఉంది. చూసింది మాత్రం ఒక్కసారి కూడా లేదు.

ఇల్లు సముద్రానికి మరీ దూరంగా ఉన్నా బాగుండేది. సరిగ్గా నాలుగు వీధుల అవతల ఉంది. అందుచేత సంబరాల మూడోరోజున బంధువులందరికీ అదే విడిది. రామచంద్రపురం నుంచి ఆడపడుచు అనసూయ, ఆవిడ తోడికోడళ్ళు, వాళ్ళ పిల్లలు వెరసి పదకొండుమంది దిగుతారు. కాఫీలు తాగి, పకోడీలు తిని, జడల్లో పూలు సర్దుకుని బయల్దేరతారు. "నువ్వు కూడా రాకూడదా వదినా" అని అనసూయ గుమ్మం దాటాక వెనక్కి తిరక్కుండా అంటుంది. గుమ్మం దాటాక అనడంలో ఒక సౌకర్యం ఉంది. సమాధానం వినక్కర్లేదు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి పులిహోర కలిపి, సాంబారు మరిగించి, పక్కలు వేసి ఉంచాలి. అందుకని ఎంత గొప్ప కళాకారులు వచ్చినా, హైమావతికి వాళ్ళంతా కుక్కరు కూతల మధ్యనే పరిచయం. ఒక ఏడు వేణుగానం వింటూ కూతలు లెక్క తప్పి పప్పు మాడ్చింది. ఆ ఏడు బంధువులు కచేరీ గురించి ఒక్క ముక్క చెప్పలేదు గానీ, పప్పు గురించి మాత్రం ఇప్పటికీ చెబుతారు.

అలాంటి హైమావతికి ముందు వరసలో కుర్చీ దొరికే యోగం రెండు నిబంధనల వల్ల పట్టింది.

రెండేళ్ళ కిందట ముగింపుకి హాస్యప్రదర్శన పెడితే, ఒక జోకు దగ్గర కౌన్సిలరు గారి అత్తగారు లేచి వెళ్ళిపోయారు. దాంతో సంబరాల సంఘం ఒక నిబంధన రాసుకుంది. "ముగింపు అంశము సకుటుంబముగా వీక్షించుటకు యోగ్యమై యుండవలెను." కిందటేడు సినిమాపాటల ఆర్కెస్ట్రా పెడితే, ఇద్దరు హీరోల అభిమానులు ఒకళ్ళ మీదొకళ్ళు కుర్చీలు విసురుకున్నారు. దాంతో ఇంకో నిబంధన రాసుకుంది. "సదరు కళారూపపు అభిమానులచే ముందుగా ఆమోదింపబడి యుండవలెను." రెండూ వేర్వేరు మీటింగుల్లో పుట్టాయి గనక ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు.

ఈ ఏడు ముగింపు అంశానికి గడువులోగా, మూడు ప్రతుల్లో, ఫొటోలు అతికించి అందిన దరఖాస్తు ఒక్కటే. అది "సమ్మెట" అనే మెటల్ బ్యాండుది.

ముగ్గురు కుర్రాళ్ళూ ఒక అమ్మాయీ కలిసి మూడేళ్ళుగా ఐసు ఫ్యాక్టరీ వెనక షెడ్డులో వాయించుకుంటున్న బ్యాండు అది. గిటార్లు ఉరుముతాయి, డ్రమ్ములు పిడుగులు పడ్డట్టు మోగుతాయి, గొంతు గర్జిస్తుంది. ఆ గర్జించే గొంతు ఎస్తేరు అనే అమ్మాయిది. పగలు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. దరఖాస్తు నింపింది కూడా ఆ పిల్లే. రోజూ నోళ్ళు తెరిపించి ముప్ఫై రెండు పళ్ళూ వరసగా రాసుకునే మనిషికి మూడు ప్రతులు ఒక లెక్క కాదు.

*

"మనల్ని నమూనా కుటుంబంగా వేశారే" అన్నాడు శేషగిరి, చెప్పులు విప్పుతూ. ఆయన మునిసిపాలిటీలో కుళాయిల విభాగంలో గుమస్తా.

"దేనికి నమూనా?" అంది హైమావతి.

"కుటుంబానికి."

"మనది చూసి ఎవరైనా ఇంకో కుటుంబం కట్టుకుంటారాండీ?"

"నువ్వు ఉండవే. ఆ మెటల్ వాళ్ళ పాట సకుటుంబంగా వినదగ్గదా కాదా అని తేల్చాలిట. దానికి మొగుడు, పెళ్ళాం, చదువుకుంటున్న పిల్లలు ఒకరు, డెబ్భై దాటినవాళ్ళు ఒకరు ఉండాలి. మీటింగు జరుగుతుంటే నేను టీ తాగడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి తీర్మానం అయిపోయింది."

మీటింగులో లేనివాణ్ణి ఎన్నుకోవడం ఆ ఆఫీసులో ఎప్పట్నించో ఉన్న సంప్రదాయమే.

"నన్నడక్కుండా నా వయసు ఎలా రాశార్రా?" అని లోపల్నించి అత్తగారు బాపనమ్మ గొంతు వినిపించింది. "ఎంత రాశావు?"

"డెబ్భై ఆరు."

"డెబ్భై నాలుగే!"

శేషగిరి జేబులోంచి ఉత్తర్వు తీసి బల్లమీద పెట్టాడు. కుటుంబ సభ్యులకు సంగీత పరిచయం ఉందా అన్న గడిలో ఆయనే "లేదు" అని రాసేశాడు. పెళ్ళికి ముందు హైమావతి మూడేళ్ళు వీణ నేర్చుకుంది. అడిగితే ఆవిడా లేదనే చెప్పేదేమో గానీ, అసలు అడగలేదు. ఆవిడ ఆ గడి దాటుకుని కిందికి చదివింది. అయిదో పేరా దగ్గర ఆగిపోయింది.

"అంశము ఆమోదింపబడినచో, నమూనా కుటుంబము ముగింపు రోజున మొదటి వరసలో తమకు కేటాయించిన నాలుగు కుర్చీలయందు ఆద్యంతము ఆసీనులై యుండవలెను. హాజరు తప్పనిసరి."

"ఏవండీ, తప్పనిసరి అంటే?"

"తప్పనిసరి అంటే తప్పనిసరే. రిజిస్టర్లో సంతకాలు కూడా పెట్టాలి."

"ఆ రోజు అనసూయ వాళ్ళు వచ్చినా?"

"కలెక్టరు గారు వచ్చినా అంతే."

హైమావతి ఆ కాగితాన్ని మడిచి పోపులపెట్టె కింద పెట్టింది. ఆ ఇంట్లో పోపులపెట్టె కిందకి చేరిన కాగితం పోవడం జరగదు.

*

అభిమానుల అభిప్రాయ సేకరణ కౌన్సిల్ హాల్లో పెట్టారు. నమూనా కుటుంబం కూడా హాజరు కావాలన్నారు గనక హైమావతి వంట ముగించుకుని వెళ్ళింది.

ఊళ్ళో మెటల్ అభిమానులు పదిహేడుగురు. సంఘాలు మూడు.

సాంస్కృతిక సమన్వయాధికారి పురుషోత్తం గారు అధ్యక్షత వహించారు. ఆయన పశుసంవర్ధక శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చారు. ఏ జీవినైనా ముందు లెక్క రాసి తర్వాత టీకా వెయ్యాలన్నది ఆయన పద్ధతి. అభిమానుల చేత వరసగా సంతకాలు పెట్టించి, గొంతు సవరించుకున్నారు.

"సదరు సమ్మెట వారి శైలి ముగింపు అంశపు స్థాయికి తగునా, తగదా అన్నది నేటి విషయము. అభిమానులు వరసక్రమంలో ఉద్వేగపడవలసిందిగా కోరుతున్నాను."

ముందుగా వేగ సంఘం అధ్యక్షుడు దొరబాబు లేచాడు. అతనికి బస్టాండు పక్కన మోటారు సైకిళ్ళ రిపేరు షాపుంది.

"సమ్మెటంటే మాకు ప్రాణం అండి. ఆ ప్రాణం మీద ఒట్టేసి చెప్తన్నాను, ముగింపుకొద్దండి. పాట పందొమ్మిది నిమిషాలండి. మొదటి మాటొచ్చేతలికి ఏడు నిమిషాలవుద్దండి. ముగింపంటే జనం గెంతాలండి. ఈళ్ళ పాటకి గెంతితే, గెంతుకీ గెంతుకీ మజ్జిలో టీ తాగి రావొచ్చండి."

బరువు సంఘం తరఫున సత్యవాణి లేచింది. ఆవిడ కాలేజీలో లెక్కలు చెబుతుంది. "వేగం చిన్నపిల్లల సరదా సార్. మెటల్‌కి బరువు ముఖ్యం. ఊరేగింపులో ముందు నడిచేది ఏనుగే. అదెప్పుడైనా పరిగెత్తిందా?"

"ఏనుగెనకాల నడిచేవోళ్ళ బాధ మీకేం తెలుస్తదండీ!" అన్నాడు దొరబాబు.

"ఏనుగుల ప్రస్తావన రికార్డులోంచి తొలగించడమైనది" అన్నారు పురుషోత్తం గారు. పాత శాఖ జ్ఞాపకం వచ్చి కాస్త చలించినట్టు కనిపించారు.

మూడోది శుద్ధ మెటల్ పరిరక్షణ సమితి. సభ్యులు అయిదుగురు. కార్యదర్శి హైమావతి కొడుకు ప్రణీత్, ఇంజనీరింగు మూడో సంవత్సరం. అతను నమూనా కుటుంబ సభ్యుడూ అభిమానీ కూడా అయిన సంగతి అప్పుడు బయటపడింది. పురుషోత్తం గారు రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని ఆలోచించారు.

"ఒకే వ్యక్తి రెండు హోదాలలో హాజరు కావచ్చును. అయితే హోదా మారినప్పుడల్లా కుర్చీ మారవలెను."

ప్రణీత్ తల్లి పక్క కుర్చీలోంచి లేచి, ఎదుటి వరసలో కూర్చుని, మళ్ళీ లేచాడు.

"మా సమితి వైఖరి ఏంటంటే సార్, సమ్మెట గొప్ప బ్యాండు. అందుకే ముగింపు హెడ్‌లైనర్ కాకూడదు. ఊరందరికీ నచ్చే చోట నిలబడిందంటే ఇంక అది మెటలే కాదు. వాళ్ళని రెండోరోజు మధ్యాహ్నం రెండు గంటలకి, మండుటెండలో, మైకు సరిగ్గా పనిచెయ్యని చిన్న స్టేజీ మీద పెట్టాలని మా డిమాండు."

"వాళ్ళ మీద అంత కోపమెందుకయ్యా?"

"కోపం కాదు సార్. గౌరవం."

చివరికి ఎస్తేరుని మాట్లాడమన్నారు. బక్కపల్చటి పిల్ల. చున్నీ కొసని వేళ్ళకి చుట్టుకుంటూ లేచి ఏదో చెప్పింది. మైకు అందుకోలేదు. హాలు బంట్రోతు మైకు దగ్గరికి జరిపాడు. అయినా ముందు వరసలో ఉన్న హైమావతికి తప్ప ఎవరికీ వినిపించలేదు.

"మా ఊళ్ళో ఒక్కసారి వాయించాలనుందండి. మా గిటారు అబ్బాయికి ఓడలో ఉద్యోగం వచ్చిందండి. వచ్చే నెల ఎక్కేస్తాడండి. తర్వాత ఇంక బ్యాండు ఉండదండి."

"ఈ గొంతుతోనా ముగింపు!" అని నివ్వెరపోయారు పురుషోత్తం గారు.

"ఆ గొంతు వేరండి, ఈ గొంతు వేరండి" అని పదిహేడుగురు అభిమానులూ ఒక్కసారే అన్నారు. ఆ రోజు వాళ్ళు వాదన లేకుండా ఏకాభిప్రాయానికి వచ్చిన సందర్భం అదొక్కటే.

భోజనాల వేళ దాటిపోతుంటే ఒక తీర్మానం కుదిరింది. "సదరు శైలి అసలు సిసలు మెటల్ అయినంతవరకు అభిమానులకు అభ్యంతరము లేదు." మూడు సంఘాలూ సంతకాలు పెట్టాయి. ఇంక మిగిలింది కుటుంబమే.

ఇంటికొస్తూ దారిలో హైమావతి అడిగింది. "ఒరే, నిజం చెప్పు, నీకు వాళ్ళ పాట నచ్చుతుందా నచ్చదా?"

"నచ్చడం వేరు, ఒప్పుకోవడం వేరమ్మా."

"అచ్చం మీ నానమ్మ పోలికే" అంది హైమావతి. అప్పటికి ఊరికే అంది, అంతే.

*

బుధవారం నాలుగు గంటలకి బ్యాండు వాళ్ళు శేషగిరి ఇంటి హాల్లో దిగారు. వాళ్ళతో పురుషోత్తం గారు, ఆయనతో ఆరోగ్య శాఖ నుంచి బీపీ మిషను పట్టుకుని ఒకావిడ. దివాన్‌కాట్ పెరట్లోకి వెళ్ళింది. దాని స్థానంలో డ్రమ్ములు కూర్చున్నాయి.

ఒకళ్ళని చూడ్డానికి ఇంకొకళ్ళు వస్తున్నారంటే హైమావతి చేతులు వాటంతటవే శనగపిండి కలిపేస్తాయి. అరటికాయ బజ్జీలు, కేసరి తెచ్చి పెట్టింది. డ్రమ్ములు వాయించే కుర్రాడు తల వంచుకుని తిన్నాడు. ఎస్తేరుని బాపనమ్మ ఎగాదిగా చూసింది.

"పిల్లా, వంటొచ్చా?"

"వచ్చండి."

"మరి ఈ అరుపులెందుకు?"

ఎస్తేరు ఏదో చెప్పింది. బాపనమ్మకి వినిపించలేదు. "గట్టిగా చెప్పు తల్లీ, గొంతు పెగలదేం!" అంది.

ఆరోగ్య శాఖ ఆవిడ నలుగురికీ బీపీ చూసి రాసుకుంది. హైమావతిది నూట యాభై, తొంభై అయిదు. "ఎక్కువుందమ్మా" అంది. "ఈ టైముకి అంతే ఉంటుందండీ, పాలు పొయ్యి మీద పెట్టొచ్చాను" అంది హైమావతి.

"ప్రారంభించవచ్చును. కుటుంబము సహజముగా యుండవలెను" అన్నారు పురుషోత్తం గారు.

కుటుంబం సహజంగా బిగుసుకుపోయింది.

ముందుగా గిటార్లోంచి ఒక మోత వచ్చింది. అది ఆగకుండా, తెగకుండా, పెద్ద రుబ్బురోట్లో పొత్రం తిరుగుతున్నట్టు తిరుగుతూనే ఉంది. అలమారలో గ్లాసులు వణికాయి. డ్రమ్ము దెబ్బ ఒకటి పడి, ఇంక రెండోది పడదేమో అనుకున్నాక పడింది. ఏడు నిమిషాలయ్యాక ఎస్తేరు నోరు తెరిచింది.

శేషగిరి కుర్చీ చేతులు పట్టుకున్నాడు. ఆ గొంతు ఆ పిల్లది కాదు. గచ్చు పగలదీసుకుని కిందనించి వచ్చినట్టుంది. హైమావతికి మాత్రం భయం వెయ్యలేదు. ఇన్నేళ్ళుగా "అబ్బే, పర్లేదు లెండి" అన్న ప్రతిసారీ తను మింగినదానికి గొంతంటూ ఉంటే ఇలాగే ఉంటుంది కాబోలు అనిపించింది. పాలు పొంగి పొయ్యి మీద పడుతున్న వాసన వచ్చింది. తెలిసింది కూడా. కానీ లేవలేదు. కాపురానికొచ్చాక ఆవిడ కూర్చుని ఉండగా పాలు పొంగిపోవడం అదే మొదలు.

పాట అయ్యేసరికి బాపనమ్మ గోడకి తలానించి గుర్రు పెడుతోంది. రెండేళ్ళుగా మాత్ర వేసుకున్నా కునుకు పట్టని మనిషి. ఆరోగ్య శాఖ ఆవిడ మళ్ళీ కొలిచింది. హైమావతిది నూట ఇరవై ఎనిమిది, ఎనభై రెండు.

పురుషోత్తం గారు సంతృప్తిగా రాసుకున్నారు. "కుటుంబమునకు హాని లేదు. ఒక సభ్యురాలికి మేలు జరిగినది. ఒక సభ్యురాలు విశ్రాంతి పొందినది. అంశము యోగ్యము."

హైమావతి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి తుడుచుకుంటూ, ఆదివారానికి ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచించింది.

*

చీర ఆలోచన రాత్రి భోజనాల దాకా కూడా నిలవలేదు.

"నానమ్మ నిద్రపోయిందని నువ్వు బయట చెప్పావా?" అని శేషగిరి కొడుకుని నిలదీశాడు.

"సమితికి చెప్పకుండా ఎలా నాన్నా? పారదర్శకత ఉండాలి కదా."

పారదర్శకత పుణ్యమా అని మర్నాడు పొద్దున్న మూడు సంఘాలూ మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాయి. పురుషోత్తం గారు నమూనా కుటుంబాన్ని కూడా పిలిపించారు.

"ముసలమ్మ గారు గుర్రెట్టారంటండి! ఇంకో ఆవిడకి బీపీ దిగిందంటండి!" దొరబాబు గొంతు బొంగురుపోయింది. "అది మెటలేనాండి? జోలపాటండి! నేను మా ఆవిడకి వినిపిస్తే మూడు రోజులు పుట్టింటికెళ్ళిపోయిందండి. అదండి మెటలంటే!"

"కుటుంబానికి నచ్చిందంటే బరువు చాలలేదని అర్థం" అంది సత్యవాణి బాధగా. "ఇది మేము ఊహించలేదు."

సమితి తరఫున మాట్లాడడానికి ప్రణీత్ తండ్రి పక్కనుంచి లేచి అటు వెళ్ళి కూర్చున్నాడు. "అసలు సిసలు మెటల్ అయినంతవరకు అని మా షరతు సార్. అమ్మకి నచ్చాక ఇంక షరతు ఎక్కడుంది?"

ముగ్గురూ ఆమోదాన్ని వెనక్కి తీసుకున్నారు. పురుషోత్తం గారు తల పట్టుకున్నారు.

"కుటుంబమునకు నచ్చినచో అభిమానులకు నచ్చదు. అభిమానులకు నచ్చినచో కుటుంబమునకు నచ్చకూడదు. కానీ నిబంధనల ప్రకారము ఇరువురికీ నచ్చవలెను." శేషగిరి వైపు తిరిగారు. "రేపటిలోగా మీ కుటుంబంలో ఇద్దరు అభిప్రాయం మార్చుకునే అవకాశాన్ని పరిశీలించగలరా?"

"మా ఇంట్లో అభిప్రాయాలు నా చేతిలో ఉండవు సార్."

"పోనీ, నచ్చినప్పటికీ స్వల్ప బాధ కలిగినట్లు వైద్య ధ్రువపత్రము?"

ఆరోగ్య శాఖ ఆవిడ, లేని బాధ రాయనంది. ఉన్న బాధే రాయడానికి గడులు చాలడం లేదుట.

"బాధ నలభై శాతము, ఆనందము అరవై శాతము ఉండునట్లు సదరు అమ్మాయి గొంతు కొద్దిగా సవరించుకున్నచో?" అన్నారాయన చివరి ఆశగా.

మెట్ల మీద నుంచి పదిహేడు గొంతులు ఒక్కసారిగా లేచాయి. పురుషోత్తం గారు ఆ ప్రతిపాదన కొట్టేసి, కలం మూత పెట్టారు.

"అట్లయిన రేపు మధ్యాహ్నములోగా తేలనిచో, ముగింపు అంశముగా ప్రముఖుల ప్రసంగములు పెట్టబడును. ప్రసంగములకు ఎవరి ఆమోదమూ అవసరము లేదు. అవి కుటుంబానికి తగునా అని ఇంతవరకు ఎవరూ అడిగి యుండలేదు."

"అప్పుడు మా కుర్చీలండీ?" అంది హైమావతి.

"నమూనా కుటుంబము రద్దగును అమ్మా. మీరు యథాప్రకారము మీ ఇంట్లో ఉండవచ్చును." మేలు చేస్తున్నట్టే చెప్పారాయన.

ఎస్తేరు మెట్ల పక్కన నిలబడి ఉంది. వెళ్ళిపోతున్న హైమావతితో "పర్లేదు లెండి ఆంటీ" అంది.

ఆ మాట ఎవరి నోటన్నా రావచ్చు గానీ, ఆ పిల్ల నోట రావడం హైమావతి భరించలేకపోయింది.

*

ఆ రాత్రి గోంగూర పప్పు చేసింది. బాపనమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఇదేం గోంగూరే, చింతపండు కూడా వేశావా? పళ్ళు పులిసిపోయాయి. పోపు మాడింది. వెల్లుల్లి పచ్చిగా ఉంది. మా అమ్మ చేసేది గోంగూర పప్పు, ఇరవై అడుగుల దూరం నుంచి వాసన... ఇంకొంచెం వెయ్యి."

హైమావతి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఇరవై రెండేళ్ళుగా అత్తగారు కూరకి వంక పెట్టని పూట లేదు. మళ్ళీ వడ్డించమనని పూటా లేదు. మొదటి రెండేళ్ళూ ఆ వంకలు విని హైమావతి ఏడిచింది. తర్వాత తర్వాత చివరి మాటే వినడం నేర్చుకుంది.

పోపులపెట్టె కిందనించి ఉత్తర్వు బయటికి తీసింది. చివర్లో "అదనపు వాంగ్మూలము, ఏమైనా యున్నచో" అని రెండు పేజీల ఖాళీ ఉంది. పెన్ను పట్టుకుని అత్తగారి మంచం పక్కన కూర్చుంది.

"అత్తయ్యగారూ, నిన్న ఆ పిల్ల పాట ఎలా ఉందండీ? మీరు నిద్రపోయారనుకోండి..."

"నిద్రపోతే చెవులు మూసుకుపోతాయిటే? అన్నీ విన్నాను. రాసుకో!"

ముప్పావుగంట చెప్పిందావిడ. హైమావతి ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీసెయ్యలేదు. "మా అత్తగారు శ్రీమతి బాపనమ్మ గారు చెప్పినది చెప్పినట్టు" అని పైన రాసి, కింద వేలిముద్ర వేయించబోయింది. "నాకు సంతకం వచ్చు" అని బాపనమ్మ పెన్ను లాక్కుంది.

శుక్రవారం పొద్దున్నే ఆ కాగితం నకళ్ళు మూడు సంఘాలకీ, పురుషోత్తం గారికీ చేరాయి. అభిమానులు పైనుంచి చదవడం మొదలుపెట్టారు.

"ఆ గొంతేమిటి, యముడి దున్నపోతు గొంతు సవరించుకున్నట్టు. ఆ మోత ఏమిటి, ఇల్లు కూలగొడుతున్నారా, కడుతున్నారా? ఆ డ్రమ్ము కుర్రాడికి దానిమీద ఏం పగ? చెవుల్లో ఇంకా తుమ్మెదలు తిరుగుతున్నాయి. గుండెకాయ ఉన్నచోట ఉందో లేదో చూసుకోవలసొచ్చింది. నా డెబ్భై నాలుగేళ్ళలో ఇలాంటి దరిద్రపు గోల వినలేదు. పిశాచాలు కూడా ఇంతకన్నా వినయంగా ఉంటాయి..."

సత్యవాణి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "బరువు ఉంది" అంది మెల్లిగా. దొరబాబు ఆ కాగితం నకలు తీయించి, షాపులో దేవుడి పటాల పక్కన అంటించాడు. "ఇంత గొప్ప మెచ్చుకోలు మన జన్మలో ఏ మెటల్ బ్యాండుకీ రాలేదండి. యముడి దున్నపోతంటండి!" శుద్ధ మెటల్ పరిరక్షణ సమితి అత్యవసరంగా సమావేశమై, ఒక ముసలావిడ ఇంతగా తిట్టిన బ్యాండు శుద్ధమైనదేనని, పెద్ద స్టేజీ ఎక్కినా చెడిపోదని తీర్మానించింది. మూడు సంతకాలూ పదకొండు గంటలకల్లా పడ్డాయి.

పురుషోత్తం గారిది వేరే పద్ధతి. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన ఏ ఫైలైనా చివరి పేరా చదివే సంతకం పెట్టారు. బాపనమ్మ గారి చివరి పేరా ఇలా ఉంది.

"ఆదివారం నా కుర్చీలో దిండు వేయించండి. ముందు స్తంభం అడ్డం లేకుండా చూడండి. పాట ఆ పందొమ్మిది నిమిషాలేనా, ఇంకా ఉన్నాయా?"

"కుటుంబ సమ్మతి స్పష్టముగా యున్నది. దిండు మంజూరు చేయడమైనది" అని రాసి ఆయన సంతకం పెట్టారు.

*

ఆదివారం నాలుగింటికి అనసూయ బృందం దిగింది. బ్యాగులు పెట్టి, ఫ్యాను వేసుకుని, కాఫీల కోసం వంటింటి వైపు చూశారు. వంటింట్లోంచి హైమావతి వంగపండు రంగు పట్టుచీరలో బయటికొచ్చింది. వెనకే బాపనమ్మ, జడలో కనకాంబరాలతో.

"ఎక్కడికి వదినా?" అంది అనసూయ.

"డ్యూటీకి" అంది హైమావతి. ఉత్తర్వు తీసి చూపించింది. "హాజరు తప్పనిసరిట. మీ అన్నయ్య ఉద్యోగం సంగతి కదా."

"మరి కాఫీలు?"

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. పొయ్యి మామూలుదే. నువ్వు కూడా..." అని గుమ్మం దాటాక, వెనక్కి తిరక్కుండా అంది, "వీలైతే పకోడీలు వేసుకోకూడదా అనసూయా."

మొదటి వరసలో నాలుగు కుర్చీలకి కాగితాలు అంటించి ఉన్నాయి. "న.కు. ఒకటి" నుంచి "న.కు. నాలుగు" దాకా. మూడో కుర్చీలో దిండు ఉంది. బాపనమ్మ నొక్కి చూసి, "రాయిలా ఉంది" అని దాని మీద హాయిగా కూర్చుంది. పురుషోత్తం గారు రిజిస్టర్లో నాలుగు సంతకాలు పెట్టించుకున్నారు. మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి మళ్ళీ పెట్టాలిట.

ప్రణీత్ నాలుగో కుర్చీలో సంతకం పెట్టి, తర్వాత హోదా మార్చుకుని స్టేజీ దగ్గరికి వెళ్ళాడు. వేగం చాలదని వేగ సంఘం వాళ్ళు తమ నిరసన తెలిపేందుకు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఏడు నిమిషాల మోతలో వాళ్ళ చేతులు కట్టుకునే ఉన్నాయి. కాళ్ళు మాత్రం సంఘం మాట వినలేదు.

ఎస్తేరు మైకు ముందుకి వచ్చి, ముందు వరసలో ఉన్న పట్టుచీరని చూసి, చున్నీ నడుముకి బిగించింది.

పిడుగు పడ్డట్టు పాట మొదలైంది. బీచి మీద కుర్చీలు వణికాయి. హైమావతి ఒళ్ళో ఫోను వెలిగింది. అనసూయ. ఆరింది. మళ్ళీ వెలిగింది. అనసూయే. కాఫీ పొడి ఎక్కడుందని అయి ఉంటుంది, లేకపోతే పంచదారో. హైమావతి ఫోను బోర్లా పెట్టింది. పక్కన బాపనమ్మ ఏదో అంటోంది. దిండు గురించో, మంచినీళ్ళ గురించో. హైమావతి ఆవిడ వైపు చూసి తలూపి, మళ్ళీ స్టేజీ వైపు తిరిగింది.

పాట మధ్యలో పురుషోత్తం గారు వంగుని వచ్చి ఆఖరి పత్రం అందించారు. ఒకటే ప్రశ్న. "ఈ శైలి ముగింపు అంశమునకు తగునా? కారణము ఒక్క వాక్యములో తెలుపుము."

హైమావతి మోకాలి మీద పెట్టుకుని రాసింది. "తగును. ఎవరు పిలిచినా వినపడదు."

పురుషోత్తం గారు అది చదివి, కళ్ళజోడు పైకెత్తి, ఆవిణ్ణి ఏదో అడిగారు.

ఆవిడకి వినపడలేదు.